ఎండలోకి వెళ్ళకుండానే వడదెబ్బ!

మే నెల వచ్చిందంటే మన గోదావరి జిల్లాల ఇల్లాళ్ళకి ఊపిరి సలపదు. కాయ తెప్పించాలి, కడిగి తుడవాలి, ముక్కలు కొట్టించాలి. మిరపకాయలు ఎండబెట్టాలి, ఆవాలు ఎండబెట్టాలి, ఉప్పు ఎండబెట్టాలి. ఈలోగా వడియాలూ అప్పడాలూ ఉండనే ఉన్నాయి. వీటన్నిటికీ కావలసింది మండుటెండ. ఎండ ఎంత చురుగ్గా ఉంటే పచ్చడి ఏడాది పొడుగునా అంత పదిలంగా ఉంటుందని అమ్మమ్మలు చెబుతారు. నిజమే. కానీ ఆ ఎండని మిరపకాయలతోపాటు మనిషి కూడా భరించాలి కదా!

మా పెద్దమ్మది పెంటపాడు. 2003 మే నెలలో ఆవకాయ సాయానికని మేమంతా వాళ్ళింట్లో చేరాం. ఆ రోజు పొద్దుట పదింటి నుంచీ ఆవిడ డాబా మీదికీ కిందికీ తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం రేకుల వంటింట్లో పదిమందికి వంట. మూడు గంటల వేళ "తల పగిలిపోతోందే" అని గోడకి చేరగిలబడింది. కాసేపటికి, ఎప్పుడో పోయిన మా పెదనాన్నని భోజనానికి లేవమని పిలవడం మొదలుపెట్టింది. మేం నవ్వాం. "పెద్దమ్మకి చాదస్తం ఎక్కువైంది" అన్నారొకరు. గ్యాసని ఇంకొకరు సోడా తెప్పించారు. బీపీ మనిషి కదా, అదే పెరిగి ఉంటుందన్నారు మరొకరు. ఒళ్ళు పట్టుకు చూస్తే కాలిపోతోంది. జ్వరం అనుకుని బిళ్ళ వేసి, దుప్పటి కప్పాం! సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. తాడేపల్లిగూడెం చేరేలోపే దారిలో పోయింది. గుండె ఆగిపోయిందని అందరం అనుకున్నాం. వడదెబ్బ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎందుకు వస్తుంది? ఆవిడ ఆ రోజు వీధిగుమ్మం దాటి వెళ్ళనే లేదాయె.

అదే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకి మూడువేల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంతకు ముందు ఏడాది, 2002 మేలోనూ వెయ్యి దాటారు. మళ్ళీ 2015లో, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది. ఈ లెక్కల్లో మా పెద్దమ్మ లేదు. అలాంటివాళ్ళు ఇంకెందరు లేరో!

ఎండ వేరు, ఉక్క వేరు

వడదెబ్బ అనగానే మనకి రెంటచింతల గుర్తొస్తుంది, రామగుండం గుర్తొస్తుంది. పేపర్లో పెద్ద అంకెలు వాటివే. "మనకేం, మనది పచ్చటి డెల్టా, చుట్టూ నీళ్ళు" అనుకుంటాం. ఆ నీళ్ళే ఇక్కడ చిక్కు తెచ్చేది. ఒకపక్క కొల్లేరు, ఇంకోపక్క చేపల చెరువులు, వరిచేలు, కాస్త దూరంలో సముద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక పెంటపాడు పశ్చిమగోదావరిలో ఉండిపోయింది, కొల్లేరు ఏలూరు జిల్లాకి పోయింది గానీ, ఉక్కకి సరిహద్దులెక్కడివి?

మన ఒంటిని చల్లబరిచేది చెమట. చెమట పట్టడం ఒక్కటే చాలదు, అది ఆరాలి. ఆరేటప్పుడే ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే కానీ ఆరదు. ఉతికిన బట్టలు వానాకాలంలో ఆరనట్టే. అందుకని పొడి ఎండలో 42 డిగ్రీలు తట్టుకున్న మనిషి, ఉక్కలో 36, 37 డిగ్రీలకే కూలబడవచ్చు. నీడలో 35 డిగ్రీలున్నా, తేమ 70 శాతం ఉంటే ఒంటికి అది 50 డిగ్రీల ఎండలాగే తగులుతుందని వాతావరణ శాస్త్రజ్ఞుల పట్టికలు చెబుతాయి. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 డిగ్రీలు దాటాకే వడగాడ్పుల సంగతి చూస్తుంది కానీ, తీర ప్రాంతాలకి ఆ గీతని 37 దగ్గరే గీసింది.

ఇప్పుడు మన వంటింటి సంగతి చూడండి. డాబా ఇంటికి వెనకాల ఆనించి వేసిన రేకుల వసారా. పైన రేకు, ముందు గ్యాస్ పొయ్యి, దాని మీద మరుగుతున్న అన్నం, ఆ ఆవిరి. మంట ఆరిపోతుందని ఫ్యాన్ వెయ్యం. పక్కింటివాళ్ళు చూస్తారని కిటికీ తియ్యం. రెండు పూటలా రెండేసి గంటలు. వీధిలో 38 ఉంటే ఆ గదిలో ఎంత ఉంటుందో ఏ వాతావరణ కేంద్రం వాళ్ళూ కొలిచి చెప్పరు. బజారుకెళ్ళే మగవాళ్ళకి "గొడుగు పట్టుకెళ్ళండి" అని చెప్పి మనం వెళ్ళి ఆ పొయ్యి ముందు నిలబడతాం.

మాట తేడాగా వచ్చిందా?

ఎండ దెబ్బ ఒక్కసారిగా పడదు, మెట్లెక్కుతూ వస్తుంది. మొదట పిక్కలూ పొట్టా పట్టేస్తాయి. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గాయన్నమాట. తరవాత తలనొప్పి, వికారం, నీరసం, ఒళ్ళంతా చెమట, కళ్ళు తిరగడం. మూత్రం ముదురు పసుపుగా, కొంచెంగా వస్తుంది. ఈ మెట్టు మీద ఉన్న మనిషిని నీడన పడుకోబెట్టి, కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో తుడిచి, స్పృహలో ఉంటే మజ్జిగో ఓఆర్ఎస్ నీళ్ళో గుటక గుటకగా పట్టిస్తే తేరుకుంటుంది. గంటలో తేరుకోకపోయినా, వాంతులు ఆగకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఆ పై మెట్టే అసలు వడదెబ్బ. దాన్ని గుర్తుపట్టేది మనిషి తీరుని బట్టి. మాట తడబడటం, తేదీ మర్చిపోవడం, చిరాకు పడటం, లేనివాళ్ళని పిలవడం, తూలి నడవడం, పిలిస్తే పలక్కపోవడం, ఫిట్స్. ఒళ్ళు 104 డిగ్రీలు దాటి ఉంటుంది. చంకలో పెట్టిన థర్మామీటరు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది కాబట్టి "నూట రెండే కదా" అని ఊరుకోకూడదు. ఇంకొక పొరపాటు నమ్మకం ఉంది, వడదెబ్బ అయితే చెమట ఆగిపోతుందని. ముసలివాళ్ళకీ మంచం పట్టినవాళ్ళకీ చాలాసార్లు ఆగిపోతుంది కానీ, పనిచేస్తూ పడిపోయినవాళ్ళకి ఒళ్ళంతా చెమట కారుతూనే ఉండొచ్చు. చెమట ఉందా లేదా అని చూస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. వేడిలో ఉన్న మనిషి, ఒళ్ళు కాలుతోంది, తీరు మారింది. ఈ మూడూ కలిస్తే చాలు, వడదెబ్బే అనుకోండి.

షుగరు ఉన్నవాళ్ళకి చక్కెర పడిపోయినా మాట ఇలాగే తడబడుతుంది. పక్షవాతంలోనూ అంతే. ఇంట్లో షుగరు చూసే మిషను ఉంటే చూడండి. లేకపోయినా పరవాలేదు, చల్లబరచడం మాత్రం ఆపకండి.

ముందు నీళ్ళు, తరవాతే ఆటో

మనవాళ్ళు చేసే తప్పు ఇక్కడుంది. మనిషి పడిపోగానే ఆటో కోసం పరుగెడతారు. మిట్టమధ్యాహ్నం, వేడెక్కిన ఆటోలో, నలుగురు చుట్టూ కూర్చుని, చీర కొంగు కప్పి, పెంటపాడు నుంచి గూడెం తీసుకుపోతారు. ఆ దారి పొడుగునా మెదడూ గుండే మూత్రపిండాలూ వేడికి ఉడుకుతూనే ఉంటాయి. వడదెబ్బలో మొదటి అరగంటే ప్రాణం. డాక్టర్లందరూ చెప్పేదొకటే, ముందు చల్లబరచండి, ఆ తరవాత తరలించండి. ఒకరు 108కి ఫోను చేస్తుంటే మిగతావాళ్ళు బిందెలు అందుకోవాలి.

నీడకి చేర్చి, జాకెట్టు హుక్కులు తీసి, చీర తీసెయ్యండి. ఇక్కడే మనకి సిగ్గు అడ్డొస్తుంది. వాకిట్లో నలుగురూ చూస్తుండగా ఆడమనిషి చీర తియ్యడమా అని. పలచటి పాత దుప్పటొకటి నీళ్ళలో ముంచి పైన కప్పితే మర్యాదా దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. ఆ దుప్పటి మీద నీళ్ళు పోస్తూనే ఉండాలి, విసురుతూనే ఉండాలి. దుప్పటిని వదిలేస్తే అది వేడెక్కి కంబళిలా తయారవుతుంది. ఫ్రిజ్‌లో ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. పెద్ద రక్తనాళాలు వెళ్ళే చోట్లవి. వయసులో ఉన్న మనిషైతే, తల పైకి పట్టుకునేవాళ్ళు ఉంటే, నీళ్ళతొట్టిలో మెడదాకా కూర్చోబెట్టడం అన్నిటికన్నా మంచిది. అంబులెన్సు వచ్చేదాకా ఇది ఆపకూడదు.

నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి. స్పృహ సరిగా లేని మనిషికి సోడా అయినా గ్లూకోజు అయినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేసుకుంటుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. మేం వేసిన జ్వరం బిళ్ళ సంగతీ చెప్పాలి. జ్వరంలో శరీరమే తన వేడిని పెంచుకుంటుంది, బిళ్ళ దానిని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటినుంచి వచ్చి పోగుపడింది. దాని మీద ఆ బిళ్ళ పనిచెయ్యదు సరికదా, అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి మరింత భారం.

ఉల్లిపాయా, రంగునీళ్ళా

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు పేరు వినని వాళ్ళుండరు. ఎండాకాలం ప్రయాణమంటే జేబులో ఉల్లిపాయ వేసుకోవడం, అరికాళ్ళకి ఉల్లిరసం రాయడం మన ఇళ్ళల్లో అలవాటే. ఉల్లిపాయ జేబులో ఉంటే వడ తగలదని రుజువేమీ లేదు. అదే నిజమైతే ఆ మార్కెట్లో బస్తాల మధ్య పొద్దస్తమానం కూర్చుని పాయలు ఏరే ఆడవాళ్ళకి అసలు వడదెబ్బే తగలకూడదు. చద్దన్నంలో పెరుగు వేసుకుని పచ్చి ఉల్లిపాయ కొరుక్కోవడం మాత్రం భేషైన పని. అందులో నీరుంది, ఉప్పుంది, కడుపుకి చలవ. ఉప్పేసిన పలచటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, తాటిముంజెలు, రాగి అంబలి, ఇవన్నీ మంచివే.

ఓఆర్ఎస్ గురించి ఒక మాట. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు శరణార్థుల శిబిరాల్లో కలరా వ్యాపిస్తే, సెలైన్లు అయిపోయిన పరిస్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి ఎన్నో ప్రాణాలు కాపాడారు. అంత మంచి మందు పేరు పెట్టుకుని, మొన్నమొన్నటిదాకా తీపినీళ్ళ డబ్బాలు మందుల షాపుల్లోనే అమ్మారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు. ఆ డబ్బాల్లో తీపి దానికి ఎన్నో రెట్లు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. ఒక ఆడమనిషి పట్టుదల ఇది! కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పునీళ్ళు ఎంత తాగాలో తమ డాక్టర్ని అడగాలి. బీపీకి నీరు తీసే బిళ్ళలు వాడేవాళ్ళు ఎండాకాలం రాకముందే ఓసారి వెళ్ళి మోతాదు మాట్లాడుకోవాలి. మా పెద్దమ్మ వాడింది అవే బిళ్ళలు. అప్పుడు మాకు తెలీదు.

నీళ్ళు తాగకపోవడం వెనక

"నీళ్ళు బాగా తాగండి" అని అందరూ చెబుతారు. ఆడవాళ్ళు ఎందుకు తాగరో ఎవరూ అడగరు. ఏలూరు బస్సెక్కే ఆవిడ పొద్దున్నే కాఫీతో సరిపెడుతుంది, మధ్యలో ఎక్కడికెళుతుంది? బట్టల షాపులో నిలబడే అమ్మాయి, ఇటుకబట్టీలో పనిచేసే తల్లి, చేల గట్టు మీద కూలి, అందరిదీ ఒకటే లెక్క. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. కాబట్టి తాగకూడదు. వేసవిలో గోదావరి కాలువలు కట్టేశాక తాగేనీళ్ళకి ఊరి చెరువే దిక్కు. ఆ నీళ్ళు మోసేదీ మనమే, అందరికీ పోశాక ఆఖర్న తాగేదీ మనమే. వడదెబ్బ నివారణ అంటే చలివేంద్రం ఒక్కటే కాదు, దాని పక్కనే శుభ్రమైన మరుగుదొడ్డి కూడా.

కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. తమిళనాడులో ఎనిమిది వందల మంది గర్భిణుల్ని పరిశీలించి శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు 2024లో ఒక నివేదిక ఇచ్చారు. విపరీతమైన వేడిలో పనిచేసేవాళ్ళకి గర్భం పోయే ప్రమాదం, బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం దాదాపు రెండింతలని తేలింది. వాళ్ళలో చేల్లోనూ ఇటుకబట్టీల్లోనూ ఉప్పుమళ్ళలోనూ పనిచేసేవాళ్ళున్నారు. "మేమంతా నెలలు నిండేదాకా నాట్లు వెయ్యలేదా" అనే అత్తగార్లకి ఈ సంగతి నెమ్మదిగా చెప్పాలి.

లెక్కలోకి రాని చావులు

మన దగ్గర వడదెబ్బ మరణాన్ని ఎలా తేలుస్తారో తెలుసా? మండలంలో తహసీల్దారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, ఎస్సై కలిసి విచారిస్తారు. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో లక్ష రూపాయల పరిహారం ఇచ్చినప్పుడు ఈ ముగ్గురి కమిటీయే తేల్చింది. చేలో పడిపోయిన మనిషైతే సాక్షులుంటారు, పని ఉంటుంది, ఎండ ఉంటుంది. ఇంట్లో, వంటింట్లో, మంచం మీద పోయిన ఆడమనిషికి సాక్ష్యం ఏదీ? పోస్టుమార్టం మాటెత్తితే ఇంట్లోవాళ్ళే ఒప్పుకోరు. కాబట్టి అది గుండెపోటు అవుతుంది, లేదా పెద్దతనం.

జాతీయ నేర నమోదు విభాగం వారి ప్రమాద మరణాల లెక్కల్లో వడదెబ్బతో పోయినవాళ్ళలో ఎప్పుడూ మగవాళ్ళే చాలా ఎక్కువ. ఎండలో పనిచేసేది వాళ్ళే ఎక్కువ కాబట్టి కొంత నిజమే. కానీ యూరప్‌లో లెక్క ఇంకోలా కట్టారు. ఒక్కొక్క చావునీ విచారించకుండా, వేడి పెరిగిన వారాల్లో మొత్తం చావులు మామూలుకన్నా ఎన్ని పెరిగాయో చూశారు. 2022 వేసవిలో 61 వేలకు పైగా అని తేలింది, అందులో ఆడవాళ్ళే ఎక్కువ! అక్కడ ముసలమ్మలు ఎక్కువ, ఒంటరిగా ఉండేవాళ్ళు ఎక్కువ, అది నిజమే. మన దేశంలోనే అహ్మదాబాద్‌లో 2010 మే నెలకి ఇదే పద్ధతిలో చూస్తే మామూలుకన్నా 1,344 చావులు ఎక్కువ కనిపించాయి. ఆ దెబ్బతోనే ఆ నగరం 2013లో వేడి ప్రణాళిక వేసుకుంది. లెక్క తెలిస్తేనే ఏర్పాటు జరుగుతుంది. మన మండలాల్లో మే నెల చావుల రిజిస్టరు తీసి, ఆడామగా వేరుచేసి, మామూలు నెలలతో పోల్చి చూడటం పెద్ద పనేమీ కాదు. అడిగేవాళ్ళుంటే!

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి పరిహారం నాలుగు లక్షలకి పెంచింది. అక్కడైనా ఇక్కడైనా, ఇంట్లో మనిషి వేడికి పోయిందని అనుమానముంటే ఆ రోజే ఆరోగ్య కేంద్రానికీ, తహసీల్దారుకీ తెలపాలి. దహనం అయ్యాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఎండాకాలంలో ఏ మండలంలో వడగాడ్పులుంటాయో ముందురోజే చెబుతోంది. దాని నెంబరు 1070. పెంటపాడు పేరు ఆ జాబితాలో కనిపించిన రోజున మా వాళ్ళు ఇప్పుడు పొయ్యి తొమ్మిదింటికల్లా కట్టేస్తారు, మధ్యాహ్నానికి మజ్జిగన్నమే. వంటింటి రేకుల మీద తెల్లగా సున్నం కొట్టించారు, పైన తాటాకు పరిచారు. ఆవకాయ మానలేదు. మిరపకాయలు ఆరింటికే డాబా ఎక్కుతాయి, మనుషులు ఎనిమిదింటికల్లా దిగిపోతారు. మళ్ళీ సాయంత్రం అయిదయ్యాకే పైకి. పెద్దమ్మ కోడలైతే జాడీ ముందు కూర్చునేముందు చెంబు నీళ్ళు తాగి, "ఇంకెవరైనా తాగలేదా?" అని అందర్నీ పేరుపేరునా అడుగుతుంది.